రంగు వేయని దారి

మేపుల్ హాలో, వెర్మాంట్
శనివారం, 19 డిసెంబరు 1874

ప్రియమైన చెల్లెలు లవైనాకి,

అక్క ఫిలూరా దీవెనలు. మరిది మార్కస్ గారిని అడిగానని చెప్పు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కడుపునిండా తిని, కాళ్ళు వెచ్చబెట్టుకుని కూర్చున్నాం. మంచు కిటికీ అంచుదాకా వచ్చింది. మీరు ఆ అయోవా మైదానంలో, గాలికి అడ్డం ఒక్క గుట్టయినా లేనిచోట, ఇంటి కప్పుతో సహా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈసారి అక్షరాలు ఇంత కుదురుగా ఉన్నాయేమిటా అని ఆశ్చర్యపోకు. పాళీ కొత్తది.

నీ ఉత్తరం అక్టోబరులోనే అందింది. జవాబు లేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. మూడోవంతు ఇంట్లో ముడుచుకుని బతకడం ఎందుకక్కా, నీ వాటా జోథాముకి రాసిచ్చేసి వసంతం రాగానే రైలెక్కి మా దగ్గరికి వచ్చెయ్యి అన్నావు. వస్తానో రానో చెప్పాలంటే ముందు ఇక్కడ జరిగింది చెప్పాలి. చివరి పేజీ ముందే తిరగేయకు. చిన్నప్పటి నుంచీ నీకా బుద్ధి ఉంది.

అసాహెల్ పోయాక కోర్టువాళ్ళు పంపిన ముగ్గురు పెద్దమనుషులు వచ్చి ఇల్లు కొలిచిన సంగతి నీకు తెలుసు. తెలిసినా మళ్ళీ చెప్తాను, తగువంతా అక్కడే ఉంది కనక. ఇల్లూ పొలమూ ఆయన మొదటి భార్య కొడుకు జోథాముకి వచ్చాయి. నాకు విధవ వాటా కింద మూడోవంతు. అంటే పడమటి ముందుగది, దాని మీది గది, సామాన్ల గదిలో సగం అరలు, నేలమాళిగలో ఆపిళ్ళు పోసుకునే మూల, వంటింట్లోంచి బావికి నడిచే దారి, శనివారాల్లో రొట్టెలు కాల్చుకోవడానికి ఇటుక పొయ్యి. మిగతా రోజుల్లో పొయ్యీ, అన్ని రోజుల్లోనూ వంటిల్లూ జోథాము భార్య కెటూరావి. ఆ ముగ్గురిలో ఒకాయన గజంబద్ద పట్టుకుని నా ఊరగాయ జాడీలుండే అరని కూడా కొలిచాడు. అసాహెల్ ఉండుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

కెటూరాని నువ్వు చూడలేదు. కింద మిల్లు ఊరి పిల్ల. మనిషి సన్నం, మాట పదును, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ అమ్మాయి పిండి పిసుకుతుంటే ఆ పిండితో ఏదో పాతకక్ష ఉందేమో అనిపిస్తుంది. ఇక్కడ ఇంకు చుక్క పడింది, ఏమనుకోకు. చదువుకున్న పిల్ల, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అది మాత్రం ఒప్పుకుంటాను. నేను వంటింట్లో అడుగు పెట్టగానే తన భుజాలు చెవులదాకా లేచేవి. నా సంగతీ అంతే. ఇన్నేళ్ళు నేను ఏలిన వంటింట్లో గరిటెలు కొత్త మేకులకి వేలాడుతుంటే, ఏమీ పట్టనట్టు ముఖం పెట్టుకుని బకెట్టుతో దాటిపోవడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. ఏడుపొచ్చేది లవైనా. బావి దగ్గర ఏడిస్తే చలికి కళ్ళు నీళ్ళు కారాయని చెప్పుకోవచ్చు, కాని అది ఆగస్టు నెల.

సెప్టెంబరులో జోథాము ఇనప పొయ్యి కొనుక్కొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ, కాళ్ళకి సింహం గోళ్ళతో, మా పాస్టరు గారి కంటే దర్జాగా ఉంది. పాత ఇటుక పొయ్యి పడగొట్టించి ఆ గోడకి తూర్పు కిటికీ పెట్టించుకోవాలని కెటూరా ఆశ. నా శనివారాలు అడ్డొచ్చాయి. జోథాము టోపీ చేత్తో నలుపుకుంటూ నా గదికొచ్చి, "పిన్నీ, శనివారం కూడా ఇనప పొయ్యి మీదే చేసుకోకూడదూ? నీకు కట్టెల బాధ తప్పుతుంది కదా" అన్నాడు. "కట్టెలు కొట్టేది నువ్వు, బాధ నాదెలా అయిందిరా అబ్బాయ్?" అన్నాను. వాడు "అది కాదు పిన్నీ" అని ఇంకేమీ దొరక్క వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న గడ్డం వచ్చింది కాని, నోరు రాలేదు వాడికి.

ఆ తర్వాత కొద్ది రోజులకి చర్చి పెద్ద డీకను గారి భార్య పెర్సిస్ ఇంట్లో రజాయి కుట్టడానికి ఆడవాళ్ళం కూడాం. సాయంత్రం తిరిగొచ్చి నా తలుపు తీశాను కదా, వంటింటి నేలంతా బంతిపువ్వు రంగులో మెరుస్తోంది. కెటూరా రంగు వేసింది. నా తలుపు దగ్గర్నుంచి ఇటుక పొయ్యి పక్కగా బావి వైపు తలుపు దాకా మాత్రం ఒక పట్టీ పాత బూడిద చెక్కల్లానే వదిలేసింది. అంచులు దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. కోర్టు కాగితంలో నా దారి ఎంత వెడల్పు రాసుందో అంతే.  కోపం వెంటనే రాలేదు. ముందు ఆ అంచులు ఎంత శుభ్రంగా వచ్చాయో అనే అనుకున్నాను.

మా పిల్లి సంగతి చెప్పలేదు కదూ. దానికి జడ్జి అని అసాహెలే పేరు పెట్టాడు, ఎవరేం మొరపెట్టుకున్నా కళ్ళు మూసుకుని వింటుందని. అప్పటికే మేమిద్దరం ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశాం. ఏం చెప్పుకున్నా జడ్జి గారికే. రంగు ఆరిన మర్నాడు సాయంత్రం కెటూరా వంగి దాని చెవులు నిమురుతూ, "నాది నేను వేసుకున్నాను జడ్జి గారూ. ఎవరిది వాళ్ళు వేసుకోవచ్చు, నేనేం కాదనను" అంది. నేను నా పట్టీ మీద నిలబడి, "జడ్జి గారూ, మీ తోక పరాయి సొత్తు మీద పడుతోంది, చూసుకోండి" అన్నాను.

వారం తిరక్కుండా ఊరి ఆడవాళ్ళంతా ఏదో ఒక వంక పెట్టుకుని ఆ నేల చూడటానికి వచ్చారు. ఒకామె సోడా ఉప్పు అడిగింది, ఒకామె ఊలు రంగు అడిగింది. పెర్సిస్ అయితే ఏ వంకా లేకుండా వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఫిలూరా, ఇది నీ దారా! పాపం, పక్కకి తూలితే ఏం చేస్తావే?" అంది. అంతా నా పక్షమే మాట్లాడారు. ఎంత నా పక్షం మాట్లాడితే అంత చిన్నతనంగా అనిపించింది. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. ఆ రోజే మేడ మీంచి పెట్టె దింపించి సర్దడం మొదలుపెట్టాను. అమ్మ వెండి చెంచాలు, మంచి దుప్పట్లు, అసాహెల్ కళ్ళజోడు, అన్నీ పెట్టేశాను. వస్తున్నానని నీకు జవాబు పంపడమే తరువాయి. నవంబరు చివర కృతజ్ఞతల పండగ అయ్యాక పంపుదామనుకున్నాను. ఎందుకంటే ఆ పండగ ఒక్కటీ ఈ ఇంట్లో చేసుకుని పోవాలనిపించింది.

పండగకి కెటూరా వాళ్ళమ్మ మొదటిసారి రాబోతోందని ఇల్లంతా అల్లకల్లోలం. జోథాము నా కోళ్ళకి మేత వేస్తూ చెప్పాడు, వాళ్ళమ్మ కూతురి పెళ్ళప్పుడే, "నీకు సంసారం చేతకాదు, చూస్తాగా" అందట. పిల్ల ఆ మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుంది. వాళ్ళమ్మకి తిండి పెట్టడం కాదు, తీర్పు చెప్పించుకోవడం అది. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

పండగ ముందు రోజు బుధవారం. పొద్దున్నే వంటింట్లోంచి తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చింది. కంగారులో కెటూరా కెటిలు నిండా చన్నీళ్ళు కాలుతున్న ఇనప పొయ్యి మీద ఒలకబోసింది. ఆ దర్జా అంతా అడ్డంగా పగిలింది.  తర్వాత కట్టెలు మోస్తున్న చప్పుడు, ఇటుక పొయ్యి మూత తీస్తున్న చప్పుడు. బుధవారం పొయ్యి తనదే, కాగితం ప్రకారం నాకేం పనీ లేదు. గదిలో కూర్చుని మేజోడు అల్లుకున్నాను. కుట్లు రెండుసార్లు తప్పాయి.

వాసన బట్టే తెలిసిపోయింది నాకు. మన అమ్మ ఎలా చేసేదో గుర్తుందిగా. కట్టెలు బొగ్గులయ్యాక అవన్నీ బయటికి లాగి, లోపల ఊడ్చి, ఆగి, ఖాళీ చెయ్యి లోపల పెట్టి ప్రభువు ప్రార్థన మొదలుపెట్టేది. రొట్టె అడిగే మాట దాకా చెయ్యి ఉంచగలిగితే పొయ్యి సిద్ధం, ఉంచలేకపోతే ఇంకా ఆగాలి. మిల్లు ఊళ్ళో పుట్టిన పిల్లకి ఎవరు చెప్తారు ఇదంతా? బొగ్గులు లాగీ లాగకముందే గుజ్జు నింపిన మూడు గుమ్మడి పైలు లోపల తోసేసింది.

బకెట్టు పట్టుకుని నా పట్టీ మీదికి వచ్చాను. నీళ్ళు అవసరమై కాదు. బకెట్టు నిండుగానే ఉంటే కిటికీలోంచి పారబోసి మరీ వచ్చాను.

"జడ్జి గారూ, ఆ వేడికి అంచులు బొగ్గు, నడుమ పచ్చి. నాకెందుకులెండి, ఇవాళ బుధవారం" అన్నాను.

"జడ్జి గారూ, నీళ్ళకొచ్చినవాళ్ళు నీళ్ళు తోడుకుని పోవచ్చు కదా" అంది కెటూరా, వెనక్కి తిరక్కుండా.

"బావి ఎక్కడికీ పోదు. ఆ పైలే పోతాయి."

"పోతే నావి పోతాయి. వాటిలో ఎవరికీ మూడోవంతు రాయలేదు."

నాకు నవ్వొచ్చింది లవైనా. నిజంగా. ఆ మాట నాకు తట్టాల్సింది, తనకి తట్టింది. నవ్వు ఆపుకుని బావికి పోయి, తిరిగొచ్చేసరికి పొయ్యిలోంచి నల్లగా పొగ వస్తోంది. మూడు పైలూ గుర్రపు లాడాల్లా మాడి బల్ల మీద ఉన్నాయి. కెటూరా ఆ పసుప్పచ్చని నేల మీద కూలబడి, ఆప్రాను ముఖానికి కప్పుకుని ఏడుస్తోంది. ఇంకా కోడి మాంసం కూరిన పై కాల్చాలి, రొట్టెలు కాల్చాలి, మొక్కజొన్న పుడ్డింగు కాల్చాలి. తెల్లారితే వాళ్ళమ్మ దిగుతుంది.

బకెట్టు కింద పెట్టాను. పట్టీ అంచు దాకా వచ్చి కాస్త ఆగానని ఒప్పుకుంటాను. తర్వాత కాలు పసుపు మీద పెట్టాను. ఏమీ కాలేదు. మామూలు నేలే.

"లే అమ్మాయ్, ముఖం కడుక్కో. ఏడ్చినవాళ్ళు పిండి కలిపితే ఉప్పెక్కువవుతుంది" అన్నాను. తను ఆప్రాను దించి, నా ముఖం వైపు కాదు, నా చెప్పుల వైపు చూసింది. "అత్తయ్యా, మీరు దాటారు" అంది, చిన్నపిల్లలా. "దాటాన్లే. జడ్జి చూడలేదు, నిద్రపోతున్నాడు" అన్నాను.

ఆ రోజంతా ఇద్దరం కలిసి కాల్చాం. పిండి పిసికేది తనే, ఎందుకంటే నా వేళ్ళ కీళ్ళు మునుపటిలా లేవు, పైగా పాతకక్షతో పిసికిన పిండి బాగా పొంగుతుందని ఆ రోజే తెలిసింది. చెయ్యి పెట్టి ప్రార్థన చెప్పడం నేర్పాను. మొదటిసారి 'పరలోకమందున్న' అనే మొదటి మాట దాటకుండానే చెయ్యి లాగేసుకుంది. నేను నవ్వాను, తనూ నవ్వింది. పొద్దువాలే వేళకి అన్నీ బల్ల మీదికి చేరాయి. లోపలి మూలకి జరిగిపోయిన కోడి మాంసం పై తీయడం ఒక్కటే కాస్త ఇబ్బందైంది. పొడుగు చెక్క తెడ్డు పిడి విరిగింది. ఏదో పట్టకారుతో లాగి తీశాను. చెయ్యి కాస్త చురుక్కుమంది, అంతే.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద టోపీ. కోడి మాంసం పై రెండోసారి వేయించుకుని, "ఈ అంచు నీ చేతిదేనా కెటూరా?" అని అడిగింది. అవునంటే సరిపోయేది, నేను కాదనేదాన్ని కాదు. కెటూరా మాత్రం బల్ల చుట్టూ అందరూ వినేలా, "పిండి నాది, పొయ్యి మా అత్తయ్యది" అంది. నేను రుమాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాను. మిరియాల ఘాటే అనుకున్నారు అందరూ.

తర్వాత వాళ్ళమ్మ నేల చూసింది. "రంగు ముచ్చటగా ఉంది కాని, ఈ పట్టీ ఏమిటి మధ్యలో? ఎందుకొదిలేశావే?" అంది. కెటూరా ముఖం బీట్‌రూటులా అయింది. జోథాము గొంతు సవరించుకున్నాడు. నేనే అందుకుని, "రంగు చాల్లేదమ్మా. కొట్టువాడు తక్కువ ఇచ్చాడు" అన్నాను. పండగపూట అబద్ధమాడాను, పాస్టరు గారి కూతుర్ని. నాన్న ఉంటే నన్ను మూలన నిలబెట్టేవాడు. కెటూరా బల్లకింద నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణమే. ఆ అమ్మాయి చెయ్యి చాలా గరుకు, బాగా పనిచేసే చెయ్యి. మళ్ళీ చుక్క పడింది, ఇది కొత్త పాళీ తప్పే.

ఇక నీకు జవాబు. నేను రావడం లేదు. మెత్తబడిపోయానని మాత్రం అనుకోకు. నేను పోతే నా శనివారాలు పోతాయి. నా హక్కు పోయిన మర్నాడే వీళ్ళు ఇటుక పొయ్యి పడగొట్టి కిటికీ పెట్టుకుంటారు. అందుకని కాపలా కాయాలి కదా. నేను ఈ ఇంట్లో ఉంటున్నది ఆ పొయ్యి మీది హక్కు కోసమే, ఇంకే కారణమూ లేదు. మార్కస్ గారికి అలాగే చెప్పు. సర్దిన పెట్టె ఖాళీ చేసి ఆపిళ్ళు పోశాను. చెంచాలు వాటి చోటికి అవి వెళ్ళాయి.

జోథాము ఇనప పొయ్యికి కొత్త పలక తెప్పించాడు, కాఫీ కాచుకోవడానికి పనికొస్తోంది. జడ్జికి పనిపోయింది, ఎవరూ మొరపెట్టుకోక అలిగి పొయ్యి గూట్లో పడుకుంటున్నాడు. బయట మంచు పడుతోంది. చెరుకు పాకం వేసిన బీన్స్ కుండ వాసన ఇక్కడిదాకా వస్తోంది, రై రొట్టె ఇక తీయాలి. ఒకప్పుడు ఈ వాసన నాకు ఒంటరితనంలా ఉండేది. ఇప్పుడు ఆకలేస్తోంది, అంతే. నీ మీద బెంగ ఉంది చెల్లీ, లేదని చెప్పను. వేసవిలో మీరే రండి. నీ కోసం నా మేడగది ఊడ్పించి పెడతాను, అది నాదే, ఎవర్నీ అడగక్కర్లేదు.

సంతకం వంకరగా ఉంటే నవ్వకు.

నీ శ్రేయస్సు ఎప్పుడూ కోరే అక్క,
ఫిలూరా

తా.క.

చిన్నత్తయ్య గారికి, కెటూరా నమస్కారాలు. అత్తయ్య రొట్టె చూడటానికి పొయ్యి దగ్గరికి వెళ్ళారు, ఉత్తరం మడిచి అంటించమన్నారు. అంటించే ముందు ఈ నాలుగు మాటలు.

ఈ రాత నాది. ఆవిడ చెప్తుంటే చెప్పింది చెప్పినట్టు రాశాను, నా ముక్కూ నా పిండీ సహా. ఒక్క మాట మార్చలేదు. ఇంకు చుక్కలు మాత్రం నావి.

పట్టకారు అబద్ధం. తెడ్డు విరిగితే, మా అమ్మ కోసం చేసిన పై మాడిపోతుందని ఆవిడ మోచేతి దాకా చెయ్యి పొయ్యిలో పెట్టి దాన్ని బయటికి తీశారు. కుడిచేతికి ఇప్పటికీ కట్టు ఉంది. నేనే కడుతున్నాను. మానుతోంది, వేళ్ళు కదులుతున్నాయి, మీరు భయపడకండి. సంతకం ఎడమ చేత్తో పెట్టారు.

అదే వంకర సంతకం ఇంకో కాగితం కింద కూడా ఉంది. పండగ వెళ్ళిన సోమవారం ఆవిడ జోథాముని పిలిచి, శనివారం పొయ్యి హక్కు నాకు రాసిచ్చేశారు. మేం అడగలేదు. "కిటికీ పెట్టించుకో అమ్మాయ్, నీకు పొద్దుటి వెలుగు కావాలిగా" అన్నారు. పొయ్యి మీది హక్కు కోసమే ఉంటున్నానన్న మాట దగ్గర నేను కలం ఆపి ఆవిడ ముఖం చూశాను. "రాయి" అన్నారు. రాశాను. ఈ వంటింటి పొయ్యి దగ్గరికి రావడానికి ఆవిడకి ఇప్పుడు ఏ కాగితమూ లేదు. రోజూ వస్తున్నారు.

పొయ్యి పడగొట్టించను. రంగు కూడా అయిపోలేదు, సగం డబ్బా ఉంది. పట్టీకి కూడా వేస్తానంటే, "ఉండనీ, నీ గీత తిన్నగా వచ్చింది" అని నవ్వుతారు. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా తల దించుకోవాలనిపిస్తుంది. చెయ్యి మానగానే ఆవిడ్ని పెర్సిస్ గారింటికి పంపి వేసేస్తాను.

చిన్నత్తయ్య గారూ, వసంతం వచ్చాక మళ్ళీ రమ్మని రాస్తారేమో. దయచేసి రాయకండి. మీరు ఆవిడ్ని తీసుకుపోతే నేను మళ్ళీ పిల్లితో మాట్లాడుకోవాలి. అది ఎప్పుడూ నా మాటకి ఎదురు చెప్పదు.

కె.